సీటు ముందుకు జరిపితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది, సెన్సర్ మార్చాలా?

ప్రశ్న: నేను అనంతపురంలో ఉంటాను. తాడిపత్రి రోడ్డులో ఒక పల్లె హైస్కూల్లో టీచర్‌ని. రోజూ కారులోనే వెళ్లి వస్తాను. రెండేళ్ల కిందట బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ సెడాన్ కొన్నాం. నాలుగు నెలలుగా మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది. మొదట్లో ఒకటి రెండు రోజులు వెలిగి ఆరిపోయేది, ఇప్పుడు ఆరడమే లేదు. సర్వీస్ సెంటర్లో స్కాన్ చేసి, డ్రైవర్ సీటు పొజిషన్ సెన్సర్ పోయింది, మార్చాలంటే కూలీతో కలిపి రూ.14,000 అవుతుంది అన్నారు. మా వీధి మెకానిక్ ఏమో "అది ఉత్త లైటేనమ్మా, మీటర్ విప్పి తీసేస్తే సరిపోతుంది" అంటున్నాడు. నాది 4 అడుగుల 10 అంగుళాల ఎత్తు. సీటు పూర్తిగా ముందుకు లాక్కుంటేనే క్లచ్ అందుతుంది. మా ఆయన ఆరడుగుల మనిషి. ఆదివారం ఆయన నడిపితే సీటు చివరిదాకా వెనక్కి పోతుంది. లైటు కూడా మొదట్లో ఎక్కువగా సోమవారాలే వచ్చేది, ఎందుకో తెలియదు. ఇప్పుడు సెన్సర్ మార్పించాలా? అసలు ఆ సెన్సర్‌తో పనేమిటి? లైటు వెలుగుతుండగా రోజూ ఇంత దూరం నడపొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచర్, అనంతపురం

సమాధానం: అమ్మా, అసలు ఆనవాలు మీరు ఉత్తరం చివర్లో రాశారు. సోమవారాలు. ఆదివారం సీటు చివరిదాకా వెనక్కి పోతుంది. సోమవారం పొద్దున మీరు దాన్ని చివరిదాకా ముందుకు లాగుతారు. లైటు వస్తుంది. సీటు కదిలితే దాని కింద ఉన్న వైర్లూ కదులుతాయి. వారంలో ఒక్కసారి, అదీ ఈ కొస నుంచి ఆ కొసకు సీటు జరిగినప్పుడే తప్పు బయటపడుతోందంటే, నా మొదటి అనుమానం వైరు మీద, కనెక్టర్ మీద. సెన్సర్ వంతు ఆ తర్వాతే. కాబట్టి ఆ 14,000 ఇప్పుడే కట్టేయకండి. లైటు మాత్రం ఎవరినీ తీయనివ్వకండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఈ సెన్సర్ పనేమిటో చూద్దాం. కారు గట్టిగా గుద్దుకుంటే స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్ కంటి రెప్ప వాల్చేలోపే ఉబ్బుతుంది, సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. అంత వేగంగా వచ్చే సంచి, దూరంగా కూర్చున్న మనిషిని ఆపి కాపాడుతుంది. స్టీరింగ్‌కు ఆనుకుని కూర్చున్న మనిషిని మాత్రం గట్టిగా కొడుతుంది. అందుకే కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ను రెండు దశల్లో పేలేలా చేశారు. డ్రైవర్ దగ్గరగా ఉంటే తక్కువ బలంతో, దూరంగా ఉంటే పూర్తి బలంతో ఉబ్బుతుంది. దగ్గరా దూరమా అన్నది కంప్యూటర్‌కు తెలియాలి కదా. ఆ కబురు చెప్పేదే సీటు పట్టాల దగ్గరుండే ఈ చిన్న సెన్సర్. అన్ని కార్లలో ఇది ఉండదు. మీ కారులో ఉంది. ఇది మీలాంటి వాళ్ల కోసమే పెట్టింది. ఆరడుగుల మీ ఆయనకంటే దీని అవసరం మీకే ఎక్కువ. లైటు తీయనివ్వకండి అని అంత గట్టిగా చెప్పింది అందుకే.

పనిచేసే తీరు కూడా తెలుసుకుంటే, రేపు షెడ్డులో ఎవరేం చెప్పినా అర్థమవుతుంది. సీటు రెండు ఇనుప పట్టాల మీద జారుతుంది. కింది పట్టా నేలకు బిగించి ఉంటుంది, పై పట్టా సీటుతో పాటు కదులుతుంది. ఒక పట్టాకు వేలి కణుపంత సెన్సర్, ఇంకో దానికి ఒక స్టీల్ పట్టీ ఉంటాయి. సెన్సర్ లోపల అయస్కాంతం ఉంటుంది. స్టీల్ పట్టీ ఎదురుగా వచ్చినప్పుడు ఒక రకం కరెంటు, పట్టీ దాటిపోయాక ఇంకో రకం కరెంటు పోతుంది. రెండు వైర్ల రకం చాలా సెన్సర్లలో ఒక స్థితిలో 5 మిల్లీయాంపుల చుట్టుపక్కల, రెండో స్థితిలో 15 చుట్టుపక్కల ఉంటుంది. ఇందులో ఒక తెలివి ఉంది. ఒక స్థితికి సున్నా, ఇంకో స్థితికి కరెంటు అని పెట్టి ఉంటే, వైరు తెగినా కంప్యూటర్ "సీటు ఫలానా చోట ఉంది" అనుకునేది. ఇప్పుడలా కాదు. సున్నా వచ్చిందంటే ఎక్కడో తెగింది, మరీ ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో షార్ట్ అయింది అని దానికి వెంటనే తెలుస్తుంది. లైటు వెలిగిస్తుంది.

ఇక్కడే ఒక మాట గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్‌కు తెలిసేది "ఈ సర్క్యూట్‌లో తేడా ఉంది" అని మాత్రమే. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని వైర్లు, మధ్యలోని కనెక్టర్లు, చివర్లో కంప్యూటర్, ఇవన్నీ. స్కానర్ మీద "సీట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్" అని వస్తే కొందరు చివరి మాట వదిలేసి చదువుతారు. సెన్సర్ పోయిందంటారు.

నేనూ ఒకసారి అలాగే చదివాను. కర్నూలులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా పని మొదలైన రోజుల్లో కార్లలో ఎయిర్‌బ్యాగే అరుదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర మా ఊరిని ముంచేసింది. ఆ తర్వాత నెలల తరబడి నీళ్లలో నానిన బండ్లే మా షెడ్డుకు వచ్చేవి. అందులో ఒక పెద్ద కారు, ఇదే లైటు, స్కానర్‌లో ఇదే కోడ్, అంటే తప్పు ఎక్కడో చెప్పే గుర్తు. సెన్సర్ తెప్పించి వేశాను. లైటు ఆరింది. డబ్బులు తీసుకున్నాను. పదిహేను రోజులకు బండి మళ్లీ వచ్చింది. అప్పుడు సీటు మొత్తం దించి, కింద కార్పెట్ ఎత్తి చూశాను. కనెక్టర్ విప్పితే రెండు పిన్నుల్లో ఒకటి మామూలు రంగులో ఉంది. రెండోదాని మొదట్లో పచ్చగా చిలుం, ఆవగింజంత. ముట్టుకుంటే పొడిలా రాలింది. పాత సెన్సర్ ఇంకా డబ్బాలోనే ఉంది. పిన్ను శుభ్రం చేసి దాన్నే తిరిగి పెడితే చక్కగా పనిచేసింది. కొత్త సెన్సర్ డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చేశాను. ఆరోజు నుంచి కనెక్టర్ విప్పి కళ్లతో చూడకుండా ఏ సెన్సరూ మార్చలేదు.

మీది బెంగళూరు నుంచి తెచ్చిన బండి అన్నారు కాబట్టి ఈ సంగతి ఇంకా గట్టిగా చెప్తున్నాను. 2022 సెప్టెంబర్ వానలకు బెంగళూరులో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. మీ బండి వాటిలోదే అనడం లేదు. చూసుకోవడం మాత్రం తేలిక. డ్రైవర్ సీటు బెల్టును ఆగేదాకా పూర్తిగా బయటికి లాగండి. చివరి మూరలో బురద గీత లాంటి మరక ఉందా? సీటు కింద స్ప్రింగులకూ నేలకు బిగించిన బోల్టులకూ తుప్పు పట్టిందా? కార్పెట్ అంచు ఎత్తితే అడుగున ఒండ్రు వాసన ఉందా? ఇవేవైనా కనిపిస్తే మెకానిక్‌కు ముందే చెప్పండి. నీళ్లు తాగిన బండిలో ఒక్క కనెక్టర్ బాగుచేసి ఊరుకుంటే చాలదు, సీటు కింద ఉన్నవన్నీ విప్పి చూడాల్సిందే. నీటి గుర్తులేవీ లేకపోతే ఆ దిగులు వదిలేయండి.

ఇప్పుడు మీరు ఇంట్లో చేయగలిగిన పని. ఇది చూపుతో చేసే పని, చేతులతో కాదు. సీటు పూర్తిగా వెనక్కి నెట్టి, ముందు నుంచి ఫోన్ టార్చ్ వేసి కిందికి చూడండి. తర్వాత పూర్తిగా ముందుకు లాగి, వెనక సీటు వైపు నుంచి చూడండి. సీటు కింద నీళ్ల బాటిల్, గొడుగు, పాత చెప్పులు, ఛార్జర్ వైరు ఏమున్నా తీసేయండి. చాలా బండ్లలో సీటు వెనక్కి వెళ్లినప్పుడు బాటిల్ మెడ కనెక్టర్‌ను తన్నడమే జబ్బు. ఇంకో ముఖ్యమైన సంగతి, సీటు కవర్లు వేయించారా? ఆ కవర్ల కింది ఎలాస్టిక్ తాళ్లను, కొక్కేలను షాపు కుర్రాళ్లు చేతికి ఏది దొరికితే దానికి తగిలిస్తారు. సీటు స్ప్రింగుకు తగిలించాల్సింది పోయి వైర్ల కట్టకు తగిలించిన బండ్లు లెక్కలేనన్ని చూశాను. సీటు జరిగినప్పుడల్లా ఆ తాడు వైరును లాగుతూ ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో పిన్ను వదులవుతుంది.

మూడో అనుమానం మందపాటి 7డి మ్యాట్లు. వీటిని వేయడానికి సీట్లు విప్పుతారు. విప్పాలంటే కనెక్టర్లు ఊడదీయాలి. మళ్లీ పెట్టేటప్పుడు టక్కుమని లాక్ పడేదాకా నొక్కకపోతే అది సగం పట్టుతోనే ఉండిపోతుంది. పైగా వైరు వచ్చే కంత మీదికి మందపాటి మ్యాట్ వస్తుంది. ముందు చక్కగా వంగి సాగే వైరుకు ఇప్పుడు కాస్త పొడవు తగ్గినట్టవుతుంది. సీటు మధ్యలో ఉన్నంతసేపు ఏమీ ఉండదు. కొసకు పోయినప్పుడు వైరు బిగుసుకుంటుంది. మీ సోమవారం కథకు ఇది సరిగ్గా సరిపోతుంది. నాలుగు నెలల కిందట, లేదా దానికి కాస్త ముందు, కవర్లు, మ్యాట్లు, కార్పెట్ వాష్ లాంటివి ఏమైనా చేయించారా అని ఇంట్లో అందరినీ అడిగి గుర్తు తెచ్చుకోండి. చేయించి ఉంటే సగం జబ్బు దొరికినట్టే.

మన వైపు ఇంకో సంగతి ఉంది. పల్లె నుంచి చెనక్కాయల మూట తెచ్చి ఒక రాత్రి కారులోనే వదిలేస్తాం. ఎలుక దూరుతుంది. చెనక్కాయలు తిన్నాక వైర్ల మీది ప్లాస్టిక్ కూడా కొరుకుతుంది. సీటు కింద పొట్టు, నల్లటి ఎలుక పెంటికలు కనిపిస్తే వైర్ల పొడవునా పంటి గాట్లు వెతకమని చెప్పండి. ఇక మీ తాడిపత్రి దారి సంగతి నాకు బాగా తెలుసు. బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచే సన్నటి దుమ్ము కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. ఆ దుమ్ము పట్టాల్లోని గ్రీజుతో కలిసి గట్టి పేస్టులా అవుతుంది. సీటు బరువుగా కదులుతుంది, మనం గుంజి లాగుతాం, ఆ గుంజుడుకు వైర్లు అదురుతాయి. సెన్సర్‌ను మాత్రం ఆ దుమ్ము ఏమీ చేయదు. దాన్ని పాడుచేసేది వేరే ఉంది.

అది ఇనుము. సెన్సర్‌లో అయస్కాంతం ఉంటుందని చెప్పాను కదా. ఒకసారి ఒకాయన బండిలో లైటు లేదు, కోడ్ లేదు. వేరే పని మీద స్కానర్ పెట్టినప్పుడు, సీటు ఎటు జరిపినా కంప్యూటర్ ఒకే స్థితి చూపిస్తోందని గమనించాను. కిందికి చూస్తే సెన్సర్ ముఖానికి ఒక పిన్నీసు అంటుకుని ఉంది. సెన్సర్‌కు అది స్టీల్ పట్టీలాగే కనిపించింది. వైరు బాగుంది, సెన్సర్ బాగుంది, కరెంటు లెక్క బాగుంది. అందుకే లైటు రాలేదు. చెప్పే కబురు మాత్రం తప్పు. మన రూపాయి బిళ్లలు కూడా అయస్కాంతానికి అంటుకునే స్టీలే. కాబట్టి సీటు కింద శుభ్రం చేసేటప్పుడు పిన్నీసులు, స్క్రూలు, చిల్లర ఏమీ మిగలకుండా చూడండి. చీర కొంగు, చున్నీ కొస పట్టాలోకి పోకుండా కూడా చూసుకోండి.

మీరు చేయకూడనివి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు, పసుపు గొట్టంలోంచి వచ్చే వైర్లు కనిపిస్తాయి. అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి. కొన్ని బండ్లలో సీటు పక్క ఎయిర్‌బ్యాగ్ వైరు, బెల్టును బిగించే పరికరం వైరు కూడా అక్కడే ఉంటాయి. తాళం ఆన్‌లో ఉండగా వాటిని లాగి చూడటం, ఊపి చూడటం చేయకండి. ఎవరైనా మెకానిక్ టెస్ట్ ల్యాంప్ గానీ మల్టీమీటర్ గానీ పట్టుకుని పసుపు కనెక్టర్లలో గుచ్చబోతే ఆపేయండి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచే చోట, పెట్టినప్పుడు దానిలోంచి కొద్దిగా కరెంటు బయటికి వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ పేలడానికి పెద్ద కరెంటు అక్కర్లేదు. సీటు మీద వంగి ఉన్న మనిషి ముఖం ముందే అది పేలవచ్చు. ఆ వైర్లను కొలవడానికి పద్ధతి వేరే ఉంది, ఆ పని శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి.

కనెక్టర్ విప్పాలంటే వరస ఇది. తాళం ఆపి, బయటికి తీయాలి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కకు పెట్టాలి. తర్వాత ఆగాలి. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ పనిచేయాలని అలా పెట్టారు. కొన్ని కంపెనీలు 90 సెకన్లు ఆగమంటాయి, కొన్ని 3 నిమిషాలు. మా షెడ్డులో నేను 5 నిమిషాలు ఆగుతాను. ఆ 5 నిమిషాలు టీ తాగుతాం, బండిని ముట్టుకోం. ఆ తర్వాతే కనెక్టర్ మీద చెయ్యి.

విప్పాక ఏం చూడాలో కూడా చెప్తాను, మీరు పక్కన నిలబడి చూడండి, చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. పిన్నులు ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒకటి లోపలికి వెళ్లిపోయిందా? పచ్చ చిలుం ఉందా? ఆడ పిన్ను నోరు వెడల్పయి వదులుగా పడుతోందా? వైరు పిన్నులోకి పోయే చోట, ప్లాస్టిక్ బాగానే ఉండి లోపలి రాగి తెగి ఉండొచ్చు, వైరును మెల్లగా వంచితే అక్కడ మాత్రం మెత్తగా తగులుతుంది. చిలుం ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు బిగించాలి. ఇసుక కాగితంతో గీకకూడదు, పిన్ను మీది పూత పోతే ఆరు నెలలకు మళ్లీ ఇదే జబ్బు. వైరు తెగి ఉంటే వట్టి చేత్తో మెలితిప్పి టేపు చుట్టడం ఈ సర్క్యూట్‌లో పనికిరాదు. కంపెనీ చెప్పిన పద్ధతిలో అతకాలి, లేదా ఆ వైరు ముక్క మొత్తం మార్చాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్లయితే చాలా కంపెనీలు అతకనే వద్దంటాయి. చివరిగా కనెక్టర్‌ను టక్కుమనేదాకా నొక్కి, కట్టను పాత దారిలోనే క్లిప్పుకు తగిలించాలి. ఈ క్లిప్పు చిన్నదే కానీ చాలా ముఖ్యం. వైరు ఎంత సాగాలో కంపెనీ వాళ్లు కొలిచి అక్కడ క్లిప్పు పెట్టారు. అది ఊడిపోయి ఉంటే జిప్ టై వేయించండి, కానీ సీటు రెండు కొసలకూ జరిపి వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాకే.

స్కానర్ సంగతి. సెల్‌ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చవక పరికరాలు సాధారణంగా ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌తో మాట్లాడే స్కానర్ కావాలి. ఇప్పుడు అనంతపురంలో, మా కర్నూలులో సర్వీస్ సెంటర్లలోనే కాదు, బయట మంచి షెడ్లలో కూడా అలాంటివి ఉన్నాయి. 2019 జులై 1 నుంచి ప్రతి కొత్త కారుకూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాక, ఈ పని రాని షెడ్డుకు గిరాకీ ఉండదు.

స్కాన్ చేసినప్పుడు రెండు విషయాలు అడగండి. మొదటిది, ఈ కోడ్ ఇప్పుడు ఉన్న తప్పుదా, పాత తప్పు జ్ఞాపకమా? రెండూ స్కానర్లో వేరుగా కనిపిస్తాయి. మీకు మొదట్లో లైటు వచ్చి ఆరిపోయేది, అప్పుడు అది జ్ఞాపకంగా మిగిలి ఉండేది. ఇప్పుడు ఆరడం లేదంటే తప్పు కళ్లముందే ఉంది. ఒక విధంగా ఇది మంచిదే. వచ్చీపోయే జబ్బు పట్టుకోవడం కష్టం, ఉన్న జబ్బు దొరుకుతుంది. రెండోది, లైవ్ డేటాలో, అంటే సెన్సర్ ఆ క్షణాన ఏం చెప్తోందో స్కానర్ చూపించే చోట, డ్రైవర్ సీటు పొజిషన్ అనే వరుస చూపించమనండి. మీరు సీటులో కూర్చుని మెల్లగా ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు జరపండి. బాగున్న బండిలో ఎక్కడో ఒక్క చోట మాత్రమే ముందు అన్నది వెనక అని మారాలి, తిరిగి వచ్చేటప్పుడు దాదాపు అదే చోట మళ్లీ మారాలి. మధ్యలో ఒక్క క్షణం మాట పోయినా, తప్పు అని వచ్చినా, ఆ క్షణాన సీటు ఏ చోట ఉందో అక్కడే ఆపండి. వైరు అక్కడ ఏం చేస్తోందో కిందికి చూడండి. బిగుసుకుందా, పట్టా అంచుకు ఒరుసుకుంటోందా? మీ బండిలో అది ముందు కొసన దొరుకుతుందని నా నమ్మకం. ఎటు జరిపినా తప్పు అనే చూపిస్తే వైరు పూర్తిగా తెగిందని గానీ, కనెక్టర్ ఊడిందని గానీ, లేదా నిజంగానే సెన్సర్ పోయిందని గానీ అర్థం.

వీటన్నిటి తర్వాత కూడా దొరకకపోతే అప్పుడు సెన్సర్ పరీక్ష. ఇలా అయస్కాంతంతో పనిచేసే సెన్సర్‌ను హాల్ రకం అంటారు, దాన్ని ఓమ్స్‌లో కొలిచి బాగుందో లేదో చెప్పలేం. కొందరు అలా కొలిచి పోయిందని తేల్చేస్తారు, ఒప్పుకోకండి. తేలికైన దారి ఒకటుంది. అదే రకం మంచి సెన్సర్‌ను పట్టాకు బిగించకుండా ఉత్త కనెక్టర్‌కు పెట్టి, బ్యాటరీ కలిపి, దాని ముఖం దగ్గరికి ఒక స్టీల్ ముక్క తెచ్చి, దూరం చేసి, లైవ్ డేటా మారుతోందా చూడటం. మారితే పాతది పోయినట్టే, కొత్తది కొనండి, ఆ 14,000 దండగ కాదు. మారకపోతే కొత్త సెన్సర్ వేసినా మీ లైటు ఆరేది కాదు, డబ్బు మిగిలింది, వైరును కంప్యూటర్ దాకా వెతకాలి. కొత్తది బిగించాల్సి వస్తే సెన్సర్‌కూ స్టీల్ పట్టీకీ మధ్య సందు చూడమనండి. పట్టీ వంగి ఉంటే కొత్త సెన్సర్ కూడా తప్పే చెప్తుంది. పాత సెన్సర్ మీకు ఇవ్వమనండి.

కరెంటు సీటు ఉండి, బటన్ నొక్కితే పాత చోటుకు రావడం మానేసిందని కొందరు ఇదే పేరుతో రాస్తుంటారు. అది వేరే సెన్సర్, మోటారు లోపల ఉంటుంది, దానికీ ఎయిర్‌బ్యాగ్‌కూ సంబంధం లేదు. మీది చేత్తో లాగే సీటు కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

లైటు తీసేస్తానన్న మెకానిక్ గురించి. ఆయన చెడ్డవాడని అనను, మీకు ఖర్చు తప్పిద్దామనే అని ఉంటాడు. కానీ ఆ లైటు తాళం వేసిన ప్రతిసారీ ఆరేడు సెకన్లు వెలిగి ఆరాలి. వ్యవస్థ తనను తాను పరీక్ష చేసుకుని బాగున్నానని చెప్పడం అది. లైటు తీసేస్తే ఈ సెన్సర్ ఒక్కటే కాదు, రేపు స్టీరింగ్‌లో వైరు తెగినా, బెల్టు పరికరం చెడినా మీకు తెలియదు. వేరే లైటు వైరుకు దీన్ని కలిపి, అది వెలిగి ఆరితే ఇదీ ఆరేలా చేసే వాళ్లున్నారు. సెన్సర్ చోట రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను నమ్మించే వాళ్లున్నారు. ఆ రెసిస్టర్ "సీటు వెనక ఉంది" అనే మాటే చెప్పిందనుకోండి, స్టీరింగ్‌కు అంత దగ్గరగా కూర్చున్న మీ మీదికి సంచి పూర్తి బలంతో వస్తుంది. లైటు వెలుగుతున్న బండికంటే ఈ బండి ప్రమాదం.

లైటు వెలుగుతుండగా నడపొచ్చా అని అడిగారు. ఇంజిన్‌కు, బ్రేకులకు దీనివల్ల ఏమీ కాదు, దారిలో బండి ఆగిపోదు. కానీ లైటు వెలుగుతున్నంత కాలం ఎయిర్‌బ్యాగ్ ఉంది అని లెక్కలో పెట్టుకోకండి. కొన్ని బండ్లలో అది పూర్తిగా ఆగిపోతుంది, కొన్నిట్లో కంప్యూటర్ ఏదో ఒక స్థితి అనుకుని పనిచేస్తుంది. బెల్టు లేకుండా వీధి చివరి దాకా కూడా వెళ్లకండి. బండల లారీల వెనక ఎడం ఎక్కువ ఉంచండి. వారం పది రోజుల్లో చూపించండి, ఇంకో నాలుగు నెలలు ఆగకండి.

ఈలోగా, బాగయ్యాక కూడా, మీరు కూర్చునే తీరు ఒకసారి సరిచూసుకోండి. మీ రొమ్ము ఎముక నుంచి స్టీరింగ్ మధ్యదాకా కనీసం 25 సెంటీమీటర్లు, అంటే 10 అంగుళాల ఎడం ఉండాలి. స్కూల్ స్కేలు 30 సెంటీమీటర్లు ఉంటుంది కదా, దానితో మీ ఆయన్ను కొలవమనండి. ఎడం తక్కువైతే, క్లచ్ పూర్తిగా అందేంత వరకే సీటు ముందుకు ఉంచి, వీపు భాగాన్ని కొద్దిగా వెనక్కి వాల్చండి. రోడ్డు కనిపించకపోతే సీటు ఎత్తే లివర్ ఉంటే సీటు పైకి లేపండి. స్టీరింగ్ కిందికి దిగే రకం అయితే దాని ముఖం మీ గడ్డం వైపు కాకుండా రొమ్ము వైపు ఉండేలా దించండి. పొట్టిగా ఉన్నవాళ్లు ముందుకు వంగి స్టీరింగ్‌ను హత్తుకుని నడపడం చూస్తుంటాను, నాకు భయమేస్తుంది. మెత్తటి దిండు మీద కూర్చునే అలవాటుంటే మానేయండి, బ్రేకు వేసినప్పుడు అది జారుతుంది.

షెడ్డుకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకుని వెళ్లండి: సీటు ముందు కొసకు లాగినప్పుడు మొదలైంది, మ్యాట్లు లేదా కవర్లు ఫలానా నెలలో వేయించాం, ముందు కనెక్టర్ విప్పి నాకు చూపించండి. మెకానిక్‌కు ఇంతకంటే పెద్ద సాయం ఉండదు. పని అయ్యాక కోడ్ చెరిపించి, అక్కడే సీటును ఈ కొస నుంచి ఆ కొసకు పది సార్లు జరపండి. ఇంటికి వచ్చాక మాత్రం పండగ చేసుకోకండి. వచ్చే ఆదివారం కారు మీ ఆయన్నే నడపనివ్వండి, ఎప్పటిలాగే సీటు చివరిదాకా వెనక్కి నెట్టుకోనివ్వండి. సోమవారం పొద్దున మీరు సీటు ముందుకు లాక్కుని, బెల్టు పెట్టుకుని, తాళం తిప్పి, ఆ లైటు ఆరేదాకా లెక్కపెట్టండి. నాలుగు సోమవారాలు వరసగా ఆరితే నాకు ఒక ఉత్తరం రాయండి, కనెక్టర్‌లో ఏం దొరికిందో కూడా రాయండి.